పార్కులో కళాకేంద్రం: ఎక్కడ కట్టాలి?

ఊరి పార్కులో కళాకేంద్రం కట్టాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు ముందు తేల్చుకోవలసింది చోటు సంగతి. ఎన్ని సీట్లు, ఏ నమూనా, ఎవరి పేరు అన్నవి తరవాతి మాటలు. హాలు చిన్నదైతే పెంచుకోవచ్చు, లోపలి ఏర్పాట్లు నచ్చకపోతే మార్చుకోవచ్చు. చోటు తప్పితే మాత్రం దిద్దుకునే దారి ఉండదు. పునాదులకు తెగిన వేళ్లు అతుక్కోవు, భవనానికి అడ్డొచ్చిందని మూసిన బాట మళ్లీ తెరుచుకోదు. అయినా మన పట్టణాల్లో అన్నిటికంటే తక్కువ చర్చ జరిగేది దీని మీదే. పార్కులో ఎక్కడ ఖాళీగా కనిపిస్తే అక్కడ శంకుస్థాపన జరుగుతుంది. ఆ ఖాళీ ఎవరికి ఎందుకు పనికొస్తున్నదో ఆరా తీసేవారు తక్కువ.

కళాకేంద్రం అంటే ఒక్క హాలు కాదు. మూడు వందల నుంచి వెయ్యి మంది పట్టే ఆడిటోరియం, దాని వెనక గ్రీన్ రూములు, సెట్టింగులు దించుకునే చోటు, సంగీతం, నృత్యం నేర్పే గదులు, చిత్రాలు పెట్టే గ్యాలరీ, వీలైతే ఆరుబయట వేదిక, వీటన్నిటికీ కావలసిన జనరేటర్, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్లు, పార్కింగ్. ఇక పార్కు వేరే రకం వసతి. తెల్లవారుజామున వాకర్లు, మధ్యాహ్నం నీడ కోసం వచ్చేవారు, సాయంత్రం పిల్లలు, ముసలివాళ్లు. ఈ రెండిటి అవసరాలూ కలిసేది సాయంత్రం ఆరు, ఏడు గంటల మధ్య. పార్కు కిటకిటలాడే ఆ వేళకే నాటకం చూడటానికి వచ్చే కార్లు కూడా గేటు దగ్గరికి చేరతాయి. స్థల నిర్ణయంలో సగం చిక్కు ఈ గంట దగ్గరే ఉంది.

పార్కునే ఎందుకు ఎంచుకుంటారన్నదీ నిజాయితీగా చూడాలి. చెట్ల మధ్య కళ వికసిస్తుందని, కుటుంబాలు ఎలాగూ అక్కడికి వస్తాయని చెబుతారు. అందులో నిజం ఉంది. అసలు కారణం ఎక్కువసార్లు వేరు: మున్సిపాలిటీ చేతిలో డబ్బు పెట్టి కొనక్కర్లేని స్థలం అదొక్కటే. నడిబొడ్డున ఎకరం కొనాలంటే భవనం ఖర్చుకు కొన్ని రెట్లు అవుతుంది. పార్కు స్థలానికి చెక్కు రాయనక్కర్లేదు కాబట్టి దానికి ఖరీదే లేదనుకోవడం ఈ చర్చల్లో మొదట జరిగే పొరపాటు.

చట్టం ఏమంటుంది

లేఅవుట్ వేసేటప్పుడు సాధారణంగా పది శాతం దాకా స్థలాన్ని పార్కుకూ ఆటస్థలానికీ వదిలి మున్సిపాలిటీకి అప్పగించాలి. ఇళ్ల స్థలాలు కొనుక్కున్నవారు ఆ ఖాళీ జాగా ఉంటుందన్న నమ్మకంతోనే కొంటారు. కాబట్టి అది మున్సిపాలిటీ ఇష్టానుసారం వాడుకునే సొంత ఆస్తి కాదు, ఆ కాలనీవాసుల తరఫున దాని దగ్గర ఉన్న ఆస్తి. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇచ్చినప్పుడు సుప్రీంకోర్టు 1991లో, బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో, ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రి కూడా ప్రజలకు పనికొచ్చేదే కదా అన్న వాదన నిలవలేదు. లక్నో అమీనాబాద్‌లోని ఝండేవాలా పార్కు కింద దుకాణాల సముదాయం కట్టినప్పుడు 1999లో అదే కోర్టు దాన్ని కూల్చి పార్కును పూర్వస్థితికి తేవాలని ఆదేశించింది. పైన పచ్చిక మళ్లీ వేస్తామన్నా కోర్టు ఒప్పుకోలేదు.

ఈ రెండు తీర్పులూ ప్రైవేటు లాభంతో ముడిపడ్డ కట్టడాల మీద వచ్చినవి. మున్సిపాలిటీ తానే కట్టి, తానే నడిపి, అందరికీ తెరిచి ఉంచే కళాకేంద్రం వాటితో పూర్తిగా సమానం కాదు. పార్కుకు అనుబంధంగా చిన్న వేదికో గ్రంథాలయమో ఉండటాన్ని ఎవరూ తప్పు పట్టరు. గీత ఎక్కడ దాటుతుందంటే, పార్కుకు అనుబంధంగా మొదలైన భవనానికి పార్కే అనుబంధమైపోయినప్పుడు. పెళ్లిళ్లకు, పార్టీ సభలకు అద్దెకిచ్చే హాలు కళాకేంద్రమన్న పేరు పెట్టుకున్నంత మాత్రాన ఆ గీత లోపల ఉండదు.

షికాగో తగాదా

ఈ ప్రశ్న మీద ఎక్కువ కాలం, ఎక్కువ గట్టిగా కొట్లాడిన నగరం షికాగో. 1836లో మిషిగన్ సరస్సు ఒడ్డున స్థలాలు కొలిచిన కాలువ కమిషనర్లు పటంలో ఒక ముక్క మీద, ఇది కట్టడాలేవీ లేకుండా ఎప్పటికీ బయలుగా ఉండాలని రాశారు. తరవాత గ్రాంట్ పార్కు అయింది అదే. పోస్టు ద్వారా సరుకులమ్మే వ్యాపారి మాంట్‌గోమరీ వార్డ్ కార్యాలయం ఆ పార్కుకు ఎదురుగా ఉండేది. 1890 నుంచి 1911 దాకా ఆయన నగరం మీద కేసు మీద కేసు వేశాడు, ఇల్లినాయి సుప్రీంకోర్టు మళ్లీ మళ్లీ ఆయన పక్షాన తీర్పిచ్చింది. పార్కు నడుమ రావలసిన ఫీల్డ్ మ్యూజియం అలా దక్షిణపు అంచుకు, సరస్సును పూడ్చి తీసిన నేల మీదికి జరిగి 1921లో తెరుచుకుంది. పార్కులో మిగిలిన పెద్ద మినహాయింపు 1893 నాటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ భవనం.

వార్డ్‌ను అప్పట్లో చాలామంది ప్రగతికి అడ్డుపడే మనిషి అన్నారు. ఆయన గెలవకపోతే ఈ రోజు షికాగో సరస్సు ఒడ్డున మ్యూజియాలు, గ్రంథాలయాలు, సభామందిరాలు వరసగా ఉండేవి, వాటి వెనక సరస్సు కనిపించేది కాదు. ఒక్కో భవనం విడిగా చూస్తే మంచిదే. ఇబ్బందల్లా మంచి భవనాలు ఒకటి తరవాత ఒకటి రావడంతోనే. మొదటిదానికి చోటిచ్చాక రెండోదానికి కాదనడానికి కారణం దొరకదు.

ఆ ఆంక్ష కళకు చేటు చేయలేదన్నది గమనించవలసిన సంగతి. 2004లో తెరిచిన మిలీనియం పార్కును పచ్చిక తవ్వి కట్టలేదు, రైలు పట్టాల మీద, పార్కింగ్ మీద కప్పు వేసి దానిపైన కట్టారు. అక్కడి హారిస్ థియేటర్‌లో సుమారు 1500 సీట్లున్నాయి, కానీ ఎత్తు మీద ఆంక్ష వల్ల ఎక్కువ భాగం భూమి కిందే ఉంటుంది. పక్కనే వాస్తుశిల్పి ఫ్రాంక్ గెరీ రూపొందించిన సంగీత వేదికను భవనంగా కాక కళాఖండంగా లెక్కగట్టి అనుమతించారు. దాని ముందున్న పచ్చిక మీద పైకి అల్లిన ఉక్కు చట్రంలో స్పీకర్లు అమర్చారు కాబట్టి వెనక వరసలో కూర్చున్నవారికీ సంగీతం సమంగా వినిపిస్తుంది. గట్టి నియమం ఉన్నచోట నిర్మాతలు బుర్రకు పని పెట్టారు.

ఇదే నగరంలో ఇటీవలి రెండు కేసులు రెండు దారుల్లో నడిచాయి. సినీ దర్శకుడు జార్జ్ లూకస్ తన కళాసంగ్రహానికి మ్యూజియం కడతానంటే నగరం 2014లో సరస్సు ఒడ్డున స్టేడియం పక్కనున్న పార్కింగ్ స్థలం చూపించింది. అక్కడ ఇప్పుడున్నది తారు నేలే కాబట్టి నష్టమేమీ లేదని ప్రభుత్వ వాదన. ఆ నేల ప్రజల పేరిట ఉన్నదనీ తారు ఎప్పుడైనా తీసి పచ్చిక వేయవచ్చుననీ పార్కు పరిరక్షకుల వాదన. కేసు సాగుతుండగానే 2016లో లూకస్ వెనక్కి తగ్గి, తరవాత లాస్ ఏంజెలెస్‌ను ఎంచుకున్నాడు. రెండోది ఒబామా కేంద్రం. 1893 ప్రపంచ ప్రదర్శన జరిగిన జాక్సన్ పార్కులో 19 ఎకరాలకు పైగా దానికి కేటాయించారు. పార్కు దాటి పడమరగా ఖాళీ స్థలాలుండగా చెట్లున్నచోట ఎందుకని విమర్శకులు అడిగారు, కోర్టులు మాత్రం ఆపలేదు. 2021లో పనులు మొదలయ్యాయి. పార్కు మధ్యగా పోయే ఒక పెద్ద రోడ్డును మూసి ఆ నేలను పార్కులో కలపడం ఆ పథకంలో భాగం. తీసుకున్నదానికి బదులు ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలన్న సూత్రాన్ని అక్కడ కొంతవరకైనా పాటించారు.

న్యూయార్క్ సెంట్రల్ పార్కు ఇంకో పాఠం చెబుతుంది. మెట్రొపాలిటన్ మ్యూజియం 1880లో పార్కు తూర్పు అంచున ఒక మోస్తరు భవనంలో మొదలైంది. తరవాత తొంభై ఏళ్లు విస్తరిస్తూనే వచ్చింది. 1970ల నాటికి వచ్చిన ప్రణాళికతో, ఇక పార్కులోకి చొచ్చుకురాకూడదన్న హద్దు గీయవలసి వచ్చింది. ఆ హద్దు మొదటిరోజే గీసి ఉండవలసింది. కళాకేంద్రానికి చోటు కేటాయించేటప్పుడు భవనం హద్దుతోపాటు అది ఎన్నటికీ దాటకూడని హద్దు కూడా పటంలో ఉండాలి.

నేల లెక్క

ప్రతిపాదన కాగితాల మీద కళాకేంద్రం ఎప్పుడూ చిన్నదిగానే కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ చూపేది హాలు విస్తీర్ణమే. ఐదు వందల సీట్ల ఆడిటోరియం తీసుకుందాం. నడిచే దారులతో కలిపి సీట్ల భాగం దాదాపు 400 చదరపు మీటర్లు. రంగస్థలం, దాని రెక్కలు, గ్రీన్ రూములు, ముందు వసారా, మరుగుదొడ్లు, మెట్లు, ఏసీ యంత్రాల గది అన్నీ కలిపితే 1300 చదరపు మీటర్లకు చేరుతుంది. ఇప్పుడు వంద కార్లకు పార్కింగ్. పట్టణ ప్రణాళికల్లో ఆరుబయట నిలిపే ఒక కారుకు, తిరిగే దారితో సహా, 23 చదరపు మీటర్లు లెక్కగడతారు. వందకు 2300. రెండు వందల బైకులకు మరో 400. మొత్తం 4000 చదరపు మీటర్లు, అంటే దాదాపు ఎకరం. అందులో హాలు మూడో వంతే. ఫైరింజన్ చుట్టూ తిరిగే బాట, లారీ వచ్చి సెట్టింగులు దించే చోటు దీనికి అదనం.

ఐదెకరాల కాలనీ పార్కులో ఇది దాదాపు అయిదో వంతు. యాభై ఎకరాల పార్కులో యాభయ్యో వంతు. ఒకే భవనం ఒకచోట భరించదగినది, ఇంకోచోట పార్కును మింగేసేది. అందుకే స్థలం ఎంచేముందు తేలవలసింది పార్కింగ్ ఎక్కడన్నది. దాన్ని పార్కు బయట, పగలు నిండి సాయంత్రం ఖాళీ అయ్యే ఆఫీసుల దగ్గరో మార్కెట్ యార్డులోనో ఏర్పాటు చేయగలిగితే లెక్క మూడో వంతుకు తగ్గిపోతుంది. అంతకంటే పెద్ద ఆదా ఇంకేదీ లేదు.

అంచా, నడుమా, నేల కిందా

నడుమ కట్టడంలో ఆకర్షణ ఉంది. నలువైపులా చెట్లు, ఎటు చూసినా అందంగా కనిపించే భవనం. వాస్తుశిల్పులకు, ఫొటోలకు అది బాగుంటుంది. అయితే నడుమ కట్టిన భవనానికి నీళ్లు, కరెంటు, మురుగు గొట్టాలు పార్కంతా చీల్చుకుంటూ రావాలి, కార్లు, అంబులెన్సు, ఫైరింజన్ లోపలిదాకా రావాలి. కట్టడం కింద పోయిన నేలకంటే దాన్ని చేరే బాటల కింద పోయిన నేల ఎక్కువవుతుంది. పైగా పెద్ద మైదానం రెండు మూడు ముక్కలైతే, విస్తీర్ణం కాగితం మీద పెద్దగా తగ్గకపోయినా, క్రికెట్ ఆడటానికీ జాతర పెట్టడానికీ ఏ ముక్కా చాలదు.

అంచున, బస్సులు నడిచే రోడ్డు వైపు కట్టడమే చాలా సందర్భాల్లో మేలు. భవనానికి ఒక ముఖం రోడ్డు వైపు ఉండాలి, పార్కు వైపు కూడా వెన్ను కాదు, ఇంకో ముఖం ఉండాలి. పార్కు రాత్రి మూసినా హాలు తలుపు రోడ్డు మీదికి తెరిచి ఉంటుంది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. రాత్రి పదింటికి నాటకం విడిచాక చీకటి చెట్ల మధ్య రెండు వందల మీటర్లు నడవవలసి వస్తే ఆడవాళ్లు, పెద్దవాళ్లు రెండోసారి రారు. బస్టాపుకు, ఆటోకు కూతవేటు దూరంలో తలుపు ఉన్న హాలుకు వస్తారు. అయితే ఏ అంచు అన్నది మళ్లీ ప్రశ్నే. పార్కుకు ఒకవైపు డబ్బున్న కాలనీ, ఇంకోవైపు బస్తీ ఉంటే భవనం సాధారణంగా కాలనీ వైపే లేస్తుంది, బస్తీ వైపు దాని వెనక గోడ, జనరేటర్, చెత్త వస్తాయి. తప్పెట, డప్పు, కోలాటం నేర్చిన పిల్లలున్నది ఎక్కువగా ఆ రెండోవైపే. తలుపు వాళ్లకు కనిపించేచోట ఉండాలి.

మూడో మార్గం నేలలోకి దిగడం. భోపాల్‌లో పెద్ద చెరువు పక్కన 1982లో తెరిచిన భారత్ భవన్ ఇందుకు మన దేశంలో మేలైన ఉదాహరణ. వాస్తుశిల్పి చార్లెస్ కొరియా దాన్ని చెరువు వైపు వాలిన గట్టులో మెట్లుమెట్లుగా అమర్చాడు. పైనుంచి వచ్చేవారికి కనిపించేది భవనం కాదు, తోటల్లాంటి మిద్దెలు, వాటి అవతల నీళ్లు. గ్యాలరీలు, రంగస్థలాలు నేలలోకి దిగిన ముంగిళ్ల చుట్టూ ఉంటాయి. వాలు ఉన్నచోట, బండ లోతున ఉన్నచోట ఇది మంచి దారి. చదునైన, నల్లరేగడి, నీళ్లు పైకి ఊరే నేలలో మాత్రం ఖర్చు, ముంపు భయం రెండూ పెరుగుతాయి. భూమి కింద కట్టినా పై మట్టి మందం చాలకపోతే పెద్ద చెట్లు పెరగవు. పచ్చిక తిరిగి వచ్చిందంటే పార్కు తిరిగి వచ్చినట్టు కాదు.

హాలును చిన్నదిగా ఉంచి బయలును పెద్దదిగా వాడుకునే ఉపాయం బ్రెజిల్ సావో పావ్లో నగరంలోని ఇబిరాపుఏరా పార్కులో ఉంది. 1954లో తెరిచిన ఆ పార్కుకు వాస్తుశిల్పి ఆస్కార్ నీమాయర్ అనుకున్న ఆడిటోరియం 2005లో గానీ కట్టలేదు. లోపల సుమారు 800 సీట్లు. రంగస్థలం వెనక గోడలో పెద్ద తలుపు ఉంటుంది. అది తెరిస్తే అదే వేదిక వెనక పచ్చిక మీద కూర్చున్న వేలమందికి కనిపిస్తుంది. ఒకే వేదికకు రెండు ప్రేక్షకవర్గాలు, ఒకే గ్రీన్ రూము, ఒకే సౌండు వ్యవస్థ. సంక్రాంతికీ బతుకమ్మకూ వేలమంది, మామూలు రోజుల్లో రెండు వందలమంది వచ్చే మన పట్టణాలకు ఇంతకంటే తగిన నమూనా అరుదు.

చెట్టు, నీరు, మోత

చెట్టు కాండం చుట్టూ అరుగు కట్టి వదిలేస్తే చెట్టును కాపాడినట్టే అనుకుంటారు. నీళ్లూ పోషకాలూ పీల్చే వేళ్లలో ఎక్కువ భాగం పైన రెండు మూడు అడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి పరుచుకుని ఉంటుంది. వృక్షశాస్త్రజ్ఞులు వాడే మోటు లెక్క ప్రకారం కాండం మందానికి పన్నెండు రెట్ల వ్యాసార్థంలో తవ్వకూడదు. రెండడుగుల మందమున్న నిద్రగన్నేరుకు అది ఇరవై నాలుగు అడుగులు. తవ్వకపోయినా ఆ పరిధిలో కాంక్రీటు లారీ తిరిగితే, ఇసుక గుట్ట పోస్తే మట్టి గట్టిపడి వేళ్లకు గాలి అందదు. ఆ చెట్టు వెంటనే చావదు. భవనం ప్రారంభమై మూడు నాలుగేళ్లయ్యాక తలకొమ్మలు ఎండుతాయి, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. తెలుగు రాష్ట్రాల్లో చెట్లు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కావాలి. వేళ్లు నలిగి చచ్చే చెట్టు ఆ లెక్కలోకి రాదు. కాబట్టి స్థలం ఎంచేముందే ప్రతి చెట్టునూ, దాని వేళ్ల పరిధినీ పటంలో గీయాలి. తెలంగాణలో 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికే పెట్టమంటున్నది. ఒక చేత్తో మొక్కలు నాటుతూ ఇంకో చేత్తో ముప్పై ఏళ్ల చెట్లను పోగొట్టుకోవడం ఆ డబ్బుకు న్యాయం కాదు.

పార్కులో ఏ మూలా ఊరికే ఖాళీగా ఉండదు. మన పార్కుల్లో చాలావాటి పల్లపు మూల వాన నీరు నిలిచి ఇంకే చోటు, చాలాసార్లు పాత చెరువు శిఖమే. హైదరాబాద్ ప్రాంతంలో పది హెక్టార్లకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు బఫరుగా వదలాలి. రంగస్థలం కింద గుంట, వైరింగు, చెక్క నేల ఉండే భవనానికి పల్లం అసలే పనికిరాదు.

మోత విషయంలో ఒక అపోహ పాతుకుపోయింది: చెట్లు శబ్దాన్ని ఆపుతాయని. రెండు మూడు వరసల చెట్లు చూపును ఆపుతాయేగానీ శబ్దాన్ని పెద్దగా తగ్గించవు. తగ్గించేవి దూరం, మట్టిగట్టు, గోడ. ఒకచోట ఉన్న స్పీకరు నుంచి దూరం రెట్టింపయిన కొద్దీ మోత దాదాపు 6 డెసిబెల్స్ పడిపోతుంది. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. 2000 నాటి శబ్దకాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది తరవాత ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు, తలుపులు మూసిన ఆడిటోరియం లోపల వాడవచ్చు. పద్యనాటకం, పౌరాణికం తెల్లవార్లూ ఆడే సంప్రదాయం ఉన్నవాళ్లకు మూసిన హాలు కావలసిన అసలు కారణం ఇదే. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం కాబట్టి ఆ వైపు అంచు మొదటే పక్కన పెట్టాలి.

ఆరుబయట వేదికకు దిక్కు ముఖ్యం. హైదరాబాద్‌లో మే నెల సూర్యాస్తమయం ఆరు నలభై ప్రాంతంలో. వేదిక పడమర ఉంటే ఆరింటికి కూర్చున్న ప్రేక్షకుల కళ్లలో ఎండ, తూర్పున ఉంటే నర్తకి కళ్లలో. ఉత్తర దక్షిణాలుగా అమర్చితే ఎండ పక్కకు పోతుంది. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపానుల కాలం, అక్కడ రేకుల కప్పు కంటే గట్టి చిన్న హాలు, దాని ముందు బయలు మేలు.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్

ఈ మంచి చెడులన్నీ ఒక్కచోట చూడగలిగే తెలుగు ఉదాహరణ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్. నిజాం కాలపు ఈ తోటలోకి భవనాలు ఒక్కొక్కటే వచ్చాయి. తరవాత శాసనసభ అయిన టౌన్ హాలు, జూబిలీ హాలు, 1930లో వచ్చిన మ్యూజియం, మసీదు, తరవాతి కాలంలో బాలభవన్, ఇందిరా ప్రియదర్శిని ఆడిటోరియం, ఎన్టీఆర్ హయాంలో లలితకళా తోరణం. ఏ ఒక్కటీ కాదనదగ్గది కాదు. తోరణం ఆవరణలో సురభి వారు చాలా ఏళ్లు వారాంతాల్లో నాటకాలు ఆడారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన ఆ నాటక కుటుంబాలకు తెరలు, కప్పీలు, గాల్లో ఎగిరే పాత్రల ఏర్పాట్లు శాశ్వతంగా ఉండే వేదిక కావాలి. అద్దెకు ఒక రోజు దొరికే ఏసీ హాలులో మాయాబజార్ ఆడటం కష్టం. అలాంటి నాటక సమాజానికి నగరం నడుమ చోటు దొరకడం పబ్లిక్ గార్డెన్స్ చేసిన మేలు.

ఇంకోవైపు ఆ తోట బతుకు చూస్తే, ప్రతి భవనానికీ దాని గేటు, దాని కంచె, దాని పార్కింగ్. శాసనసభ భద్రత వల్ల ఒక వైపు పూర్తిగా మూతపడింది. ఒక చివర నుంచి ఇంకో చివరకు నేరుగా నడిచే వీలు పోయింది. తోట భవనాల మధ్య మిగిలిన ఖాళీలుగా మారింది. దీనికి పోలికగా రవీంద్రభారతి నిలుస్తుంది. రవీంద్రుడి శతజయంతి సందర్భంగా 1961లో తెరిచిన ఆ ఆడిటోరియాన్ని తోట లోపల కాక, దానికి నడిచివెళ్లేంత దూరంలో, పెద్ద రోడ్డు మీద కట్టారు. ఆరు దశాబ్దాలుగా నగరంలో నాటకానికి, నాట్యానికి ప్రధాన వేదిక అదే. తోటలో లేకపోవడం వల్ల దానికి జరిగిన లోటేమీ కనిపించదు.

శిల్పారామం ఇంకో దారి. 1990ల మొదట్లో మాదాపూర్‌లో 65 ఎకరాలు తీసుకున్నప్పుడు ఆ చోటు నగరం బయట ఉండేది. పార్కునూ కళావేదికనూ చేతివృత్తుల బజారునూ ఒకేసారి ప్రణాళిక వేసి కట్టారు, నగరం తరవాత దాని దగ్గరికి వచ్చింది. ఉన్న పార్కులో చోటు వెతుక్కోవడం కంటే కొత్త పార్కుతోపాటు చోటు వదిలి పెట్టుకోవడం ఎంతో సులువు. విస్తరిస్తున్న పట్టణాలు ఇప్పుడే చేసుకోవలసిన పని ఇది.

నిర్ణయం ఎలా జరగాలి

కనీసం మూడు చోట్లను పక్కపక్కన పెట్టి పోల్చాలి, వాటిలో ఒకటి పార్కు బయటిది అయి ఉండాలి. పోల్చేముందు ఎంచుకున్న చోట నేల మీద ముగ్గు పోయాలి. ఇల్లు కట్టేటప్పుడు ప్రతివారూ చేసే పనే అది. భవనం, పార్కింగ్, లారీ బాట అన్నిటికీ సున్నంతో గీత వేసి, నాలుగు మూలలా భవనమంత ఎత్తున వెదుళ్లు పాతి, పై కొసకు జెండా కట్టి నెలరోజులు అలాగే ఉంచాలి. పటం చదవలేనివారికి కూడా అప్పుడు తెలుస్తుంది, వాకింగ్ ట్రాక్ ఎక్కడ తెగుతుందో, పిల్లల జారుడుబల్ల ఎవరి నీడలోకి వస్తుందో. పొద్దున్న వాకర్లతో ఒకసారి, సాయంత్రం పిల్లల తల్లులతో ఒకసారి, స్థానిక నాటక సమాజాలు, నాట్య గురువులు, డప్పు కళాకారులతో ఒకసారి విడివిడిగా మాట్లాడాలి. ఒక్క సభ పెడితే గొంతున్నవారే వినిపిస్తారు.

పూర్తి చేయగలిగే డబ్బు చేతిలో ఉన్నాకే తవ్వాలి. హనుమకొండలో కాళోజీ కళాక్షేత్రానికి 2014 సెప్టెంబరులో, ఆయన శతజయంతి నాడు శంకుస్థాపన జరిగితే తలుపులు తెరుచుకున్నది 2024 నవంబరులో. పార్కు మధ్య పదేళ్లు రేకుల కంచె నిలబడితే ఒక తరం పిల్లలు ఆ మైదానం లేకుండానే పెరుగుతారు.

అసలు కట్టకుండా చూడటం కూడా ఒక పద్ధతే. లండన్ కెన్సింగ్టన్ గార్డెన్స్‌లోని సర్పెంటైన్ గ్యాలరీ 1934లో కట్టిన టీ దుకాణం. 1970లో దాన్నే గ్యాలరీగా మార్చారు, కొత్తగా అంగుళం నేల తీసుకోలేదు. 2000 నుంచి దాదాపు ఏటా వేసవిలో దాని పక్కన ఒక తాత్కాలిక మండపం వేసి, తరవాత తీసేస్తున్నారు. న్యూయార్క్‌లో నాటక నిర్మాత జోసెఫ్ పాప్ సెంట్రల్ పార్కులో ఉచితంగా షేక్‌స్పియర్ నాటకాలు ముందు తాత్కాలిక వేదిక మీదే ఆడించాడు. పచ్చిక పాడవుతోంది, టికెట్ పెట్టమని 1959లో పార్కుల అధికారి రాబర్ట్ మోజెస్ పట్టుబడితే కోర్టులో పాప్ గెలిచాడు. జనం వస్తారని రుజువయ్యాకే 1962లో డెలాకోర్ట్ థియేటర్ వచ్చింది. పందిరి వేసి ఉత్సవాలు జరుపుకోవడం మనకు కొత్త కాదు. రెండేళ్లు పార్కులో పందిరి కింద నాటకాలు, కచేరీలు నడిపితే ఏ మూల జనం చేరతారో, ఏ ఇంటికి మోత తగులుతుందో, ఎన్ని సీట్లు నిండుతాయో తేలిపోతుంది.

పాత భవనం గానీ ఇప్పటికే గట్టిపడిన నేల గానీ రోడ్డు వైపు అంచున ఉన్న పార్కులో కళాకేంద్రం కట్టవచ్చు. అలాంటి చోటు లేని పార్కులో కట్టకూడదు. దానికి ఎదురుగా, రోడ్డు అవతల, డబ్బు పెట్టి స్థలం కొనాలి. పార్కు లోపల మట్టి అరుగు, దీపాలు, నీళ్ల కుళాయి చాలు. టెండరు పిలవడానికి ముందే చెట్ల పటాన్నీ మూడు చోట్ల పోలికనూ వార్డు ప్రజల ముందు పెట్టమని ప్రతి మున్సిపల్ కౌన్సిల్‌నూ అడగవలసింది ఆ పార్కులో రోజూ నడిచేవారే.